షాఫ్ట్ అలైన్‌మెంట్ లేజర్ కిట్: ఏడాదిన్నర వాడాక, ముఖ్యంగా ఆ పచ్చ గుర్తు గురించి

రేటింగులో అయిదుకి నాలుగు చుక్కలు ఇస్తున్నాను. అయిదోది ఎందుకు ఇవ్వలేదో చెప్పడానికే ఇంత రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పే లోపాల్లో సగం ఈ తరహా కిట్లు అన్నిట్లోనూ ఉన్నాయి, మిగతా సగంలో నా తప్పులు కూడా కలిసి ఉన్నాయి.

వస్తువు ఏమిటంటే, మోటారు షాఫ్టునీ పంపు షాఫ్టునీ ఒకే గీతలోకి తెచ్చే లేజర్ కిట్. ఒక పెట్టె, అందులో రెండు హెడ్లు, వాటిని షాఫ్టుకి కట్టే గొలుసులు, నిలబెట్టే రాడ్లు, ఒక టాబ్లెట్, టేపు. ఒక హెడ్ మోటారు వైపు, ఇంకోటి పంపు వైపు. ఒకదాని నుంచి ఎర్రటి లేజర్ వెళ్లి రెండోదాని మీద పడుతుంది, రెండోదాని నుంచి మొదటిదాని మీదికి. షాఫ్ట్ తిప్పుతుంటే ఆ చుక్క డిటెక్టర్ మీద ఎటు ఎంత జరిగిందో చూసి, రెండు షాఫ్టుల మధ్య ఎత్తులో ఎంత తేడా, కోణంలో ఎంత తేడా అని లెక్క కట్టి, మోటారు ముందు కాళ్ల కింద ఎంత షిమ్ (ఎత్తు సరిచేసే పలచటి రేకు), వెనక కాళ్ల కింద ఎంత షిమ్ పెట్టాలో చెప్తుంది. ఇలాంటిది మొదటిసారి 1984లో జర్మనీకి చెందిన ప్రూఫ్‌టెక్నిక్ మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు చాలామంది చేస్తున్నారు.

నేను అంతకుముందు పన్నెండేళ్లు డయల్ గేజ్‌తోనే (చిన్న కదలికని ముల్లుతో చూపించే గేజ్) చేశాను. దానికంటే ముందు స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని పట్టీ), ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) కాలం. రెండు షాఫ్టుల్నీ కలిపే కప్లింగ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి, వెలుతురు ఎక్కడ కనిపిస్తుందో చూసి, ఫిల్లర్ దూర్చి, "ఆ, వచ్చేసింది" అనడం. నెమ్మదిగా తిరిగే మిషన్లకు అది ఏదో సరిపోయేది. నిమిషానికి మూడు వేల చుట్ల దగ్గర తిరిగేదానికి అలా చేస్తే నెలకో సీల్ మార్చుకుంటూ కూర్చోవాలి.

డయల్ గేజ్‌తో ఇబ్బంది గేజ్‌లో లేదు, దాన్ని పట్టుకునే రాడ్‌లో ఉంది. రాడ్ తన బరువుకి తనే కొంచెం వంగుతుంది. పైన సున్నా పెట్టి కిందికి తిప్పేసరికి ఆ వంగుడు కూడా రీడింగులో కలిసిపోతుంది. తెలిసినవాళ్లు ముందు ఒక గట్టి పైపు మీద అదే సెట్టింగు బిగించి, తిప్పి, ఎంత వంగుతుందో రాసుకుని, తర్వాత అసలు రీడింగులోంచి తీసేస్తారు. తెలియనివాళ్లు తీయరు. ఇంకోటి, గేజ్ చూపించేది అసలు తేడాకి రెట్టింపు. కింద 0.20 వచ్చిందంటే షాఫ్టుల మధ్య తేడా 0.10 మిల్లీమీటర్లు. ఇది మర్చిపోయి రెట్టింపు షిమ్ పెట్టేసి, మళ్లీ కొలిస్తే తేడా అటు వైపు తేలడం, ఎందుకో అర్థం కాక మళ్లీ రెట్టింపు తీయడం, ఇలా ఒక షిఫ్టంతా గడిపినవాళ్లను నేను చూశాను. ఒకసారి అద్దంలో కూడా చూశాను.

లేజర్‌కి ఈ రెండు గొడవలూ లేవు. వెలుతురు వంగదు, సగం చేసే పని టాబ్లెట్ చూసుకుంటుంది. అందుకే కిట్ వచ్చిన రోజు చాలా సంతోషపడ్డాను. డయల్‌తో సగం పూట పట్టే పని గంటన్నరలో అయిపోయింది. తెర మీద పచ్చ గుర్తు వచ్చింది, అంటే అలైన్‌మెంట్ సరిపోయిందని. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను కూడా.

ఆ ఫోటోని తర్వాత రెండు వారాల పాటు నాకే తిప్పి పంపించారు.

ఏం జరిగిందంటే, ఆ పంపు వేడినీళ్లది, రెండు పోళ్ల మోటారు, నిమిషానికి 2960 దగ్గర తిరుగుతుంది. కిట్‌లో మిషన్ స్పీడ్‌ని బట్టి ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చో ఒక పట్టిక ముందే ఉంటుంది. 1500 దగ్గర తిరిగేదానికి ఆఫ్‌సెట్ (రెండు షాఫ్టుల గీతలు ఒకదాన్నుంచి ఒకటి ఎంత పక్కకి ఉన్నాయో ఆ తేడా) దాదాపు 0.09 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకుంటుంది. 3000 అయితే 0.06 దాటకూడదు. ఈ కిట్ డబ్బా తెరిచిన రోజు నుంచీ 1500 వరస మీదే ఉంది. నన్ను అడగలేదు. అడిగే స్క్రీన్ ఉంది గానీ అది సెట్టింగుల్లో మూడు మెట్లు లోపల ఉంది. నా మోటారుకి 0.08 వచ్చింది, అది దాని లెక్కలో పచ్చ. నా పంపు లెక్కలో ఎరుపు. అయిదో చుక్క పోయింది ఇక్కడే. స్పీడ్ ఎంత అన్నది ఇలాంటి పరికరం అడగాల్సిన మొదటి ప్రశ్న. కంపెనీ పేరు, ఆపరేటర్ పేరు, తేదీ, లొకేషన్ అన్నీ మొదటి పేజీలోనే అడుగుతుంది, కావాలంటే మన లోగో కూడా పెట్టుకోవచ్చంట. అది మాత్రం అడగదు.

దానికి తోడు నేను చేసిన తప్పు ఇంకోటి. పంపు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, చల్లగా ఉన్నప్పుడే సున్నాకి దగ్గరగా తెచ్చాను. వేడినీళ్లు ఎక్కాక ఏమవుతుందో లెక్క వేయలేదు. ఉక్కు ఒక మీటరు పొడవుకి, ఒక డిగ్రీ వేడికి దాదాపు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పోత ఇనుము కాస్త తక్కువ. బేస్ నుంచి షాఫ్ట్ సెంటర్ ఎత్తు రెండు వైపులా ఇంచుమించు 400 మిల్లీమీటర్లు. పంపు కేసింగ్, కాళ్లు కలిపి సగటున 50 డిగ్రీలు వేడెక్కాయనుకుంటే పంపు షాఫ్ట్ 0.24 పైకి లేస్తుంది. మోటారు కూడా వేడెక్కుతుంది గానీ తక్కువ, 25 డిగ్రీలు అనుకుంటే 0.12. అంటే నడుస్తున్నప్పుడు పంపు మోటారు కంటే 0.12 ఎత్తులో ఉంటుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడే మోటారుని 0.12 ఎత్తులో పెట్టి ఉంచాలి, అప్పుడు వేడెక్కాక రెండూ కలుస్తాయి. నేనేమో చల్లగా ఉన్నప్పుడు నీట్‌గా కలిపి, వేడెక్కాక విడిపోయేలా చేశాను. కాగితం మీద ఇదంతా నాకు తెలుసు. తెర మీద పచ్చ కనిపించేసరికి కాగితం గుర్తుకు రాలేదు.

కిట్‌లో దీనికీ చోటుంది. థర్మల్ టార్గెట్ అని ఉంటుంది, అందులో 0.12 అని కొడితే మిగతా లెక్క అంతా దాన్ని బట్టి మారుతుంది, పచ్చ కూడా సరైన చోట వస్తుంది. బాగా పనిచేస్తుంది, ఇప్పుడు ప్రతి వేడి పంపుకీ వాడుతున్నాను. మిషన్ తయారీదారు మాన్యువల్‌లో అంకె ఇచ్చి ఉంటే నా లెక్క పక్కన పెట్టి అదే కొడతాను. వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు.

రెండు రోజులు నడిచాక వైబ్రేషన్ పెరిగింది, కప్లింగ్ వైపు బేరింగ్ వేడెక్కింది. వైబ్రేషన్ చూసే కుర్రాడు వచ్చి, తిరిగే స్పీడుకి రెట్టింపు దగ్గర పీక్ ఉంది, షాఫ్ట్ పొడవు దిక్కులో కూడా ఎక్కువగా ఉంది, అలైన్‌మెంటే అన్నాడు. నేను వెంటనే ఒప్పుకోలేదు. 2960కి రెట్టింపంటే సెకనుకి 98.7, కరెంటు వల్ల మోటారులో వచ్చేది 100, రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం తేలిక. అతను ఏం వాదించలేదు, మీటర్ పెట్టి మోటారు ఆపమన్నాడు. కరెంటు వల్ల వచ్చేదైతే స్విచ్ తీసిన క్షణమే మాయమవ్వాలి. అది మాయం కాలేదు, స్పీడుతో పాటే మెల్లగా దిగింది. నేను పెట్టె తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాను.

సరే, ఇక రోజూ వాడే విషయాలు.

కొలవడం మాత్రం అద్భుతం. మూడు చోట్ల ఆపి కొలిచే పద్ధతి ఉంది, ఆపకుండా తిప్పుతూ కొలిచే పద్ధతి ఉంది. గార్డులు, పైపులు అడ్డం వచ్చి పూర్తిగా తిప్పలేని చోట 60 డిగ్రీలు తిప్పినా చాలని పెట్టె మీద రాసుంది. చాలు, నిజమే. కానీ ఒకే మిషన్‌ని 60 డిగ్రీలు తిప్పి మూడుసార్లు, 180 తిప్పి మూడుసార్లు కొలిచి చూశాను. పెద్దగా తిప్పినప్పుడు మూడు రీడింగులూ 0.01 లోపు వచ్చాయి. చిన్నగా తిప్పినప్పుడు 0.03 వరకు తేడా. చోటుంటే బద్ధకించకుండా తిప్పండి. ఎప్పుడూ ఒకే వైపు తిప్పండి. పిన్ బుష్ కప్లింగ్ అరిగి ఉంటే వెనక్కీ ముందుకీ తిప్పినప్పుడు ఒక షాఫ్ట్ ముందు కదిలి రెండోది తర్వాత కదులుతుంది, ఆ ఆట అంతా రీడింగులో పడుతుంది. నేనైతే మోటారుని కదపకుండా మూడుసార్లు కొలిచి, మూడూ ఒకేలా వచ్చాకే షిమ్ డబ్బా తెరుస్తాను.

దూరాలు కొట్టే దగ్గర జాగ్రత్త. హెడ్ల మధ్య ఎంత, కప్లింగ్ మధ్య నుంచి ముందు కాలు బోల్టుకి ఎంత, ముందు కాలు నుంచి వెనక కాలుకి ఎంత అని అడుగుతుంది. టేపుతో కొలుస్తాం కదా, అయిదు పది మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందో అని మొదట్లో టెన్షన్ పడేవాణ్ని. ఏమీ కాదు. కోణం 100 మిల్లీమీటర్లకి 0.08 ఉందనుకుంటే, కాళ్ల దూరంలో ఒక సెంటీమీటరు తప్పు కొలిస్తే షిమ్‌లో వచ్చే తేడా 0.008. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ ఒకసారి మావాడు 350 అని పిలిస్తే నేను 530 అని కొట్టాను. అదే కోణానికి 180 మిల్లీమీటర్ల తప్పు అంటే 0.14. షిమ్‌లు పెట్టి బిగించి మళ్లీ కొలిస్తే కోణం చక్కగా సున్నా దగ్గరికి వచ్చింది, ఎత్తు మాత్రం సరిగ్గా 0.14 మిగిలింది. నాలుగు కాళ్ల కిందా అంతే ఎక్కువ పడింది కాబట్టి కోణం కుదిరి ఎత్తు చెడింది. పరికరం పాడైందని పావుగంట దాన్నే తిట్టాను. మీకు ఎప్పుడైనా కోణం కుదిరి ఎత్తు మాత్రమే కుదరకపోతే, తిట్టడం మొదలుపెట్టే ముందు ముందు కాలు దూరం మళ్లీ చూసుకోండి.

సాఫ్ట్ ఫుట్ స్క్రీన్ నాకు సగమే నచ్చింది. సాఫ్ట్ ఫుట్ అంటే మోటారు నాలుగు కాళ్లలో ఏదో ఒకటి బేస్ మీద పూర్తిగా ఆనకపోవడం. కుంటి బల్లలాగా. బోల్టు బిగిస్తే ఆ కాలు కిందికి వంగుతుంది, దాంతో మోటారు బాడీ మెలి తిరుగుతుంది, అలైన్‌మెంట్ బిగించినప్పుడల్లా మారిపోతుంది. కిట్‌లో ఒక్కో బోల్టూ వదులు చేస్తుంటే ఏ కాలు ఎంత లేచిందో అంకె చూపిస్తుంది. 0.05 దాటితే సరిచేయాల్సిందే. ఇంతవరకు బాగుంది. కానీ అది చెప్పేది ఎంత లేచిందనే, ఎలా లేచిందో చెప్పదు. కాలు మొత్తం సమానంగా ఎత్తులో ఉందా, లేక ఒక మూల ఆని ఇంకో మూల లేచి ఉందా? రెండో రకం అయితే పూర్తి షిమ్ పెట్టడం వల్ల లాభం లేదు, మెట్లు మెట్లుగా కోసిన షిమ్ పెట్టాలి, లేదా కాలుని మెషినింగ్‌కి పంపాలి. అది తెలియాలంటే ఫిల్లర్ గేజ్ తీసుకుని కాలు నాలుగు మూలలా దూర్చి చూడాల్సిందే. ఇంకో సంగతి, ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్లు ఎక్కువ చూపిస్తే కొత్తవాళ్లు రెండింటి కిందా షిమ్ పెడతారు. పెడితే మళ్లీ ఊగుతుంది. ఒకదాని కింద పెట్టి మళ్లీ కొలవండి. ఈ మాట మాన్యువల్‌లో ఒక్క లైను రాసి ఉంటే బాగుండేది. లేదు.

షిమ్‌ల గురించి కిట్ తప్పేమీ లేదు గానీ చెప్పి వదిలేస్తాను. తెర మీద 0.37 అని వస్తే 0.05వి ఏడు పేర్చకండి. ఎక్కువ పలచటి షిమ్‌లు కలిపితే స్ప్రింగ్‌లా పనిచేస్తాయి. మూడు, మహా అయితే నాలుగు, స్టెయిన్‌లెస్‌వి, పలచటివి మందపాటి వాటి మధ్యలో. పెట్టే ముందు మైక్రోమీటర్‌తో కొలవండి, మీద రాసిన అంకెని నమ్మకండి. పాత పెయింటు, తుప్పు గీకకుండా పెట్టేవాళ్లకు ఏ లేజరూ సాయం చేయదు.

ఈ కిట్‌లో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఏంటంటే, అమ్మేవాళ్లు డెమోలో చూపించనే చూపించలేదు. మా దగ్గర ఒక పంపు ఉంది, ప్రతి మూడు నాలుగు నెలలకీ అలైన్‌మెంట్ తప్పుతుంది. ప్రతిసారీ సరిచేస్తాం, ప్రతిసారీ తప్పుతుంది. బేస్ గ్రౌటింగ్ (బేస్ కింద పోసిన సిమెంటు) అనీ, మోటారు అనీ ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. ఒకరోజు హెడ్లు షాఫ్ట్ మీద ఉంచి, లైవ్ స్క్రీన్ పెట్టి, సక్షన్ ఫ్లాంజ్ (నీళ్లు వచ్చే పైపుని పంపుకి కలిపే చోటు) బోల్టులు ఒక్కొక్కటే వదులు చేయమన్నాను. మూడో బోల్టుకి అంకెలు కదలడం మొదలైంది. మొత్తం వదిలేసేసరికి పంపు షాఫ్ట్ 0.2 పక్కకి జరిగింది. 0.05 దాటకూడదు. అంటే పైపు పంపుని లాగి పట్టుకుని ఉంది, మేము ఏడాది పొడవునా లాగబడి ఉన్న పంపుకి మోటారుని కలుపుతూ వచ్చాం. పైపు సపోర్టు మార్చి, ఫ్లాంజ్ ఎదురెదురుగా వచ్చేలా చేశాక ఆ పంపు జోలికి మళ్లీ వెళ్లలేదు. డయల్ గేజ్‌తోనూ ఇది చేయొచ్చు, పాతవాళ్లు చేసేవాళ్లు. కానీ తెర మీద అంకె మన కళ్ల ముందు కదులుతుంటే పైపింగ్ వాళ్లతో వాదించాల్సిన పని ఉండదు, పిలిచి చూపిస్తే చాలు.

చిరాకులు కొన్ని. ఎండలో తెర కనిపించదు, అట్టముక్క అడ్డం పెట్టుకుని చూడాలి. నూనె చేతులతో టచ్ పనిచేయదు, గ్లౌజు వేసుకుంటే అసలే పనిచేయదు. పక్కన ఆవిరి లీకవుతుంటే లేజర్ చుక్క ఊగుతుంది, రీడింగు నిలవదు. సగటు తీసే సమయం పెంచితే కొంత నయం, లీకు ఆపడం ఇంకా నయం. పక్క మిషన్ నడుస్తూ నేల అదురుతున్నప్పుడూ అంతే. గొలుసు బిగించే స్క్రూ చిన్నది, లావు షాఫ్టులకి సరిగ్గా పట్టు దొరకదు, అది కాస్త వదులైనా తిప్పుతున్నప్పుడు హెడ్ జారుతుంది, రీడింగు ఎందుకు మారుతోందో తెలియక తల పట్టుకుంటారు. హెడ్‌ని వేలితో మెల్లగా తట్టి, అంకె మళ్లీ మొదటి చోటికే వస్తోందో లేదో చూడటం అలవాటు చేసుకున్నాను. బ్యాటరీకి వంక పెట్టను. రిపోర్టు బాగా వస్తుంది, ముందు ఎంత, తర్వాత ఎంత అని, పై అధికారులకి అదే ఇష్టం. లేజర్ తక్కువ పవర్‌దే, క్లాస్ 2, ఒక మిల్లీవాట్ లోపు, అయినా సూటిగా కంట్లోకి చూడకండి, వంగి హెడ్లు సర్దేటప్పుడు మనకు తెలియకుండానే అదే చేస్తాం.

ఆరో నెలలో ఒక హెడ్ నడుం ఎత్తు నుంచి నేల మీద పడింది. గీత కూడా పడలేదు, ఆన్ అయింది, అంకెలు చూపించింది. చాలామంది ఇక్కడితో ఊపిరి పీల్చుకుని వాడేస్తారు. నేను రెండు హెడ్లూ ఒకే గట్టి షాఫ్టు మీద, కప్లింగ్ లేని చోట పక్కపక్కన బిగించి తిప్పాను. ఒకే షాఫ్టు కాబట్టి ఎత్తు తేడా సున్నా, కోణం సున్నా రావాలి. అంతకుముందు ఎప్పుడు చేసినా 0.01 దాటలేదు. ఈసారి 0.06 వచ్చింది. సర్వీసుకి పంపాం, అయిదు వారాలు పట్టింది, బదులు హెడ్ ఇవ్వలేదు. ఆ అయిదు వారాలూ డయల్ గేజ్‌లు బయటికి తీసి, రాడ్ వంగుడు కొలుచుకుంటూ పని చేశాం. మా కుర్రాళ్లలో ఇద్దరికి అప్పుడే మొదటిసారి రివర్స్ డయల్ పద్ధతి (రెండు షాఫ్టుల వైపు నుంచీ గేజ్‌లు పెట్టి కొలిచేది) నేర్పాల్సి వచ్చింది, వాళ్లకు అదే నచ్చింది, ఎందుకో నాకు అర్థం కాలేదు. హెడ్ తిరిగొచ్చింది, కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో. సర్టిఫికెట్ ఫైల్లో పెట్టి, ముందు అదే షాఫ్టు మీద మళ్లీ తిప్పి చూశాను. 0.01.

ఇప్పుడు ఈ కిట్ కొనాలా అని అడిగితే, నెలకి నాలుగైదు అలైన్‌మెంట్లు ఉన్నవాళ్లు కొనండి, అంతకంటే తక్కువ ఉంటే రెండు మంచి డయల్ గేజ్‌లు, ఒక గట్టి బ్రాకెట్ చాలు. కొన్న రోజే సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పట్టిక ఏ వరస మీద ఉందో చూడండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే పెట్టె, లోగో, సర్టిఫికెట్ తేదీ చూసి మురిసిపోకుండా, ఒక షాఫ్టు ముక్క వెంట తీసుకెళ్లి రెండు హెడ్లూ దాని మీదే కట్టి తిప్పి చూపించమనండి. అమ్మేవాడు తర్వాత చూద్దాం అంటే వచ్చేయండి.